పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు: వేసవిలో సైకిలు మీద అడవుల వైపు

వేసవి సెలవుల ప్రయాణాల గురించి రాయలసీమ నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. నాలుగూ సైకిలు మీద అడవులను, అభయారణ్యాలను చూడాలనుకునేవారు రాసినవే.

ప్రశ్న: నేను కర్నూలులో జూనియర్ కళాశాల అధ్యాపకుణ్ణి. వయసు నలభై రెండు. మే నెల మొదటి వారంలో ఇద్దరు మిత్రులతో కలిసి సైకిళ్ల మీద బయలుదేరి, రోళ్లపాడు, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి శ్రీశైలం చేరాలనుకుంటున్నాను. పులుల అభయారణ్యం లోపలి బాటల్లో సైకిలు తొక్కనిస్తారా? రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి? అడవిలో గుడారం వేసుకుని ఒక రాత్రి గడపాలన్న కోరిక కూడా మాకుంది.
— ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ కోరిక మంచిదే గాని, అందులో రెండు ప్రయాణాలు కలిసిపోయి ఉన్నాయి. అడవి పక్కనుంచో, అడవిని చీల్చుకుపోయే ప్రజా రహదారి మీదనో సైకిలు తొక్కడం ఒకటి. అడవి లోపలికి వెళ్లడం రెండోది. మొదటిది మీ హక్కు. రెండోది అనుమతితో మాత్రమే జరగాలి, అదీ సైకిలు మీద కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షను, అభయారణ్యంలోకి ఎవరెవరు ప్రవేశించవచ్చునో చెబుతుంది. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, అక్కడ ఉండేందుకు అనుమతి పొందినవారు, లోపల స్థిరాస్తి హక్కులున్నవారు, వారి కుటుంబీకులతో పాటు, ప్రజా రహదారి వెంట అభయారణ్యం గుండా సాగిపోయే మనిషిని కూడా ఆ సెక్షను మినహాయించింది. మిగతా అందరూ 28వ సెక్షను కింద అనుమతి పత్రం తీసుకోవలసిందే. జాతీయ పార్కులకు కూడా ఈ రెండు సెక్షన్లూ వర్తిస్తాయి. అంటే ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే తారురోడ్డు మీద మీరు పగటిపూట నిరభ్యంతరంగా సాగిపోవచ్చు; ఆ రోడ్డు దిగి బండిబాట పట్టిన మరుక్షణం మీరు చట్టాన్ని దాటినవారవుతారు. దోర్నాల, శ్రీశైలం మధ్య రాత్రి తొమ్మిది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు అటవీశాఖ గేట్లు మూసి ఉంచుతుంది. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు వాహనాల కింద పడకుండా ఉండేందుకు పెట్టిన కట్టుబాటు అది. చెక్‌పోస్టు దగ్గర సిబ్బంది మిమ్మల్ని ఆపి, చీకటి పడేలోగా అవతలి చెక్‌పోస్టు చేరుకోగలరా అని అడిగితే నిజాయితీగా జవాబు చెప్పండి. వారు వద్దంటే వాదించకుండా బస్సెక్కండి.

ఇంత జాగ్రత్త ఎందుకని మీకు అనిపించవచ్చు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడింది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో అయిదు జిల్లాల మీదుగా 3,568 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని, దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంగా పేరు పొందింది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు అవతలనున్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పేరుతో వేరుపడింది. ఇంత పెద్ద అడవిలో జంతువులకు చోటు కరువా అని మనం అనుకుంటాం గాని, వేసవిలో అడవి చిన్నదైపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి వాగులు ఎండి, నీళ్లు మడుగుల్లోనూ, అటవీశాఖ ట్యాంకర్లతో నింపే తొట్లలోనూ మాత్రమే మిగులుతాయి. జింకా, పందీ, వాటి వెనకే చిరుతా పులీ అన్నీ ఆ నాలుగు చోట్ల చుట్టూనే తిరుగుతుంటాయి. ఎండలో సైకిలు తొక్కి అలసిన మనిషి సహజంగా ఎక్కడ ఆగుతాడు? నీడా, నీటి తడీ ఉన్న వాగు ఒడ్డునే కదా. మీరు అక్కడ రెండు గంటలు కూర్చుంటే, ఆ రెండు గంటలూ దాహంతో వచ్చిన జంతువు పొదచాటున నిలబడి ఎదురు చూడవలసి వస్తుంది. వేసవిలో అడవికి మనం చేసే అపకారాల్లో కంటికి కనబడనిది ఇదే. అందుకే వాగు కల్వర్టుల దగ్గర ఆగవద్దని, ఊళ్లలోనో చెక్‌పోస్టుల దగ్గరో మాత్రమే విశ్రాంతి తీసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

సైకిలుకున్న మంచి గుణం చప్పుడు లేకపోవడం. అడవి రోడ్డు మీద ఆ గుణమే ప్రమాదం తెచ్చిపెడుతుంది. మోటారు చప్పుడు విని దూరం నుంచే తప్పుకునే ఎలుగుబంటి, మలుపు తిరిగేసరికి పది గజాల దూరంలో సైకిలు కనబడితే బెదిరి మీదికి వస్తుంది. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలుతాయి, ఆ తరువాత తునికి పండ్లు మాగుతాయి. వాటి కోసం ఎలుగులు సందెవేళా, తెల్లవారుజామునా చెట్ల కింద తిరుగుతుంటాయి. కాబట్టి మలుపుల దగ్గర గంట మోగించండి, ముగ్గురూ మాట్లాడుకుంటూ వెళ్లండి. పాటలు పెట్టి వినిపించే పెట్టెలు మాత్రం వద్దు; మనుషుల మాట చాలు.

ఇక దూరాల సంగతి. కర్నూలు నుంచి శ్రీశైలం రోడ్డు మార్గాన దాదాపు 180 కిలోమీటర్లు. చలికాలంలో గట్టివారు రెండు రోజుల్లో ముగించే దారి ఇది. మే నెలలో కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో ఎండ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలకు చేరుతుంది కనుక, కిలోమీటర్లతో కాక గంటలతో లెక్క వేసుకోండి. ఉదయం అయిదింటికి బయలుదేరి తొమ్మిదిన్నరకు ఎక్కడ ఉంటే అక్కడ ఆగిపోవాలి. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో, మధ్యలో ఆగే వేళలు తీసేస్తే, రోజుకు యాభై కిలోమీటర్లు వస్తాయి. సాయంత్రం మళ్లీ బయలుదేరవచ్చు గాని అడవి రోడ్డు మీద మాత్రం సాయంత్రపు ప్రయాణం పెట్టుకోవద్దు.

మొదటి రోజు నందికొట్కూరులో బస చేయండి. రెండో రోజు తెల్లవారేసరికి రోళ్లపాడు చేరేలా చూసుకోండి. నా దృష్టిలో మీ ప్రయాణం మొత్తంలో సైకిలుకు తగిన చోటు నల్లమల కాదు, రోళ్లపాడే. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేసిన ఆ అభయారణ్యం కేవలం 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేల. చెట్టూ చేమా లేని ఆ నేలను ‘బీడు’ అని తీసిపారేయడం మనకు అలవాటైపోయింది. బట్టమేక పిట్ట బతికేది మాత్రం ఆ బీడులోనే. చుట్టుపక్కల పచ్చిక బయళ్లు పొలాలుగా మారిపోయాక ఆ పక్షి అక్కడ కనబడడమే గగనమైపోయింది. ఒక మీటరు ఎత్తున, మనిషిలా తల నిక్కించి నడిచే ఆ పక్షి మన జిల్లాలో ఉండేదని ఇప్పటి పిల్లలకు చెప్పవలసి రావడం బాధాకరం. కృష్ణజింకల మందలు మాత్రం పెరిగాయి. వేసవి పొద్దున గడ్డి ఎండి బంగారు రంగుకు తిరిగినప్పుడు, నల్లటి మగజింక ఆ గడ్డిలోంచి గాలిలోకి ఎగిరే దృశ్యం కోసమైనా ఆ వేకువన లేవవచ్చు. అవి చుట్టుపక్కల పొలాలను మేస్తాయి కనుక రైతులు నష్టపోతున్నారు. జింకలను పొగిడే ముందు అక్కడి రైతుతో రెండు మాటలు మాట్లాడండి. అక్కడ కూడా గడ్డిలోకి సైకిలు దింపకండి. నేల మీద గుడ్లు పెట్టే పక్షులు ఇంకా ఉన్నాయి.

అక్కడి నుంచి ఆత్మకూరు చేరి, దగ్గరలోని బైర్లూటిలో అటవీశాఖ విడిది గృహాల్లో ముందుగానే గది తీసుకోండి. సైకిళ్లకు తాళం వేసి, శాఖవారి జీపులో అడవిలోకి వెళ్లండి. గుడారం మాట మరిచిపొండి. ఎండుగడ్డి, రాలిన ఆకు, ఎండిన వెదురు నిండిన మే నెల అడవిలో ఒక్క నిప్పురవ్వ వందల ఎకరాలను కాల్చగలదు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడాన్ని, రాజేయడాన్ని చట్టంలోని 30వ సెక్షను నిషేధించింది. టీ కాచుకోవడానికి పొయ్యి వెలిగించడం కూడా అందులోకే వస్తుంది. బైర్లూటి నుంచి దోర్నాల వరకు ఒక ఉదయం తొక్కండి. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఘాట్ మలుపులూ, యాత్రికుల బస్సులూ ఎక్కువ. ఆ భాగాన్ని బస్సులో దాటమని నా సలహా. ప్రయాణాన్ని జూలైకి వాయిదా వేసుకుందామనుకుంటే, జూలై నుంచి సెప్టెంబరు వరకు పులులు జతకట్టే కాలమని అడవి సందర్శనను ఆపేస్తారు.

నీటి గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఇదే రోడ్డు మీద, సగం దూరంలో టీ అంగడి ఉంటుందన్న ఒకరి మాట నమ్మి, రెండు సీసాల నీళ్లతో బయలుదేరాను. అంగడి మూసి ఉంది. పక్కనున్న బోరింగు ఎంత కొట్టినా నీళ్లు రాలేదు. తల తిరుగుతుంటే రోడ్డు పక్కన కూలబడిన నాకు, దారిన పోతున్న ఒక చెంచు పెద్దాయన తన సొరకాయ బుర్రలోని నీళ్లు ఇచ్చి, మిగిలినవాటితో నా తల తడిపి, బస్సు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు ఆయనకు మిగిలిన దారిలో నీళ్లు లేవన్న సంగతి నాకు ఇంటికి చేరాక గాని తట్టలేదు. మనిషికి అయిదు లీటర్లు తక్కువ కాకుండా మోసుకెళ్లండి. పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో ఉండే చెంచుల నీటి మీద ఆధారపడవద్దు. వేసవిలో వారికీ అది కొరతే.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ పరీక్షలు అయ్యాక ముగ్గురు స్నేహితులతో కడప నుంచి తలకోనకు సైకిలు మీద వెళ్తానంటున్నాడు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు చూడాలని వాడి ఆశ. వద్దంటే అలుగుతాడు, సరేనంటే నాకు నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, కడప

సమాధానం: అమ్మా, పంపించండి, కాని దారిని మీరు కూడా కూర్చుని అబ్బాయితో కలిసి గీయండి. 1989లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ అడవి 353 చదరపు కిలోమీటర్ల మేర శేషాచల కొండల్లో ఉంది. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంలో భాగమైంది. కడప నుంచి ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట వెళ్లే రోడ్డు ఆ కొండల పక్కగానే సాగుతుంది. మొదటి ఉదయం రాజంపేట వరకు, అంటే యాభై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. రెండో ఉదయం కోడూరు వరకు. ఈ దారిలో ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మామిడి, అరటి తోటల నీడ ఉంటుంది, రైలు మార్గం వెన్నంటే ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే పెద్ద స్టేషనులో పార్సిలు కార్యాలయంలో సైకిలు బుక్ చేసి రైలెక్కి వచ్చేయవచ్చు. కోడూరు దాటాక బాలపల్లి, మామండూరు వైపు అడవి దగ్గర పడుతుంది. అక్కడ లారీల రద్దీ ఉంటుంది కనుక తెల్లారిన తరువాతే ఆ భాగం దాటాలి.

తలకోన మాత్రం ఈ రోడ్డు మీద లేదు. తిరుపతి చేరి, భాకరాపేట వైపు మళ్లీ సుమారు అరవై కిలోమీటర్లు వెళ్లాలి. భాకరాపేట ఘాట్ రోడ్డు పిల్లలు సైకిళ్ల మీద దాటవలసినది కాదు. సైకిళ్లను తిరుపతిలో తెలిసినవారింట పెట్టి బస్సులో తలకోన వెళ్లి రమ్మనండి. మే నెలలో ఆ 270 అడుగుల జలపాతం సన్నని ధారగా మారుతుందని కూడా ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు నిరుత్సాహపడతారు. కొండ మీదుగా దగ్గరి దారి ఉందని ఎవరైనా చెబితే వినవద్దని గట్టిగా చెప్పండి. ఆ అడవుల్లో ఏనుగుల గుంపులు తిరుగుతున్నాయి. పైగా అది ఎర్రచందనం అడవి. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లోనూ వాటి పరిసరాల్లోనూ మాత్రమే. దొంగరవాణాను అడ్డుకునేందుకు పోలీసులు, అటవీ సిబ్బంది నిత్యం గాలిస్తుంటారు. మూటలు కట్టుకుని అడవిబాటలో కనబడిన కుర్రాళ్లను ఆపి విచారించడం వారి విధి.

ఎండ గురించి అబ్బాయికి మూడు మాటలు నేర్పండి. దాహం వేశాక తాగడం కాదు, పావుగంటకు నాలుగు గుక్కల చొప్పున తాగుతూ ఉండాలి. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. ఓఆర్‌ఎస్ పొట్లం లేదా లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన నీళ్లు, ఉప్పేసిన పలచటి మజ్జిగ మధ్యమధ్యలో పడాలి. పొద్దున బయలుదేరే ముందు రాగి అంబలి తాగి, దారిలో వేయించిన చెనిక్కాయలు, బెల్లం పెట్టుకుంటే చాలు; మధ్యాహ్నం ఎక్కడ ఆగితే అక్కడ సంగటి తిని పడుకోవచ్చు. ఇక మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవడం పొరపాటు. శ్రమ చేస్తూ వడదెబ్బ తిన్నవాడి ఒంటికి చెమట పడుతూనే ఉండవచ్చు. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వికారం మొదలైతే ప్రయాణం ఆపి నీడకు చేరాలి. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా వెంటనే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. నలుగురిలో ఎవరు ఎవరిని కనిపెట్టుకోవాలో బయలుదేరే ముందే జంటలుగా పంచుకొమ్మని చెప్పండి, ఎందుకంటే వడదెబ్బ తగిలినవాడికి తన సంగతి తనకు తెలియదు.

ప్రశ్న: మా అనంతపురం వైపు జాతీయ పార్కు ఒక్కటీ లేదు. మా పాఠశాల పిల్లలను సెలవుల్లో సైకిళ్ల మీద తీసుకెళ్లి వన్యప్రాణులను చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి? సైబీరియా నుంచి వచ్చే కొంగలను చూపించవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

సమాధానం: ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జాతీయ పార్కులు మూడే: శ్రీవేంకటేశ్వర, పాపికొండలు, ప్రొద్దుటూరు దగ్గరి రామేశ్వరం. అయితే పిల్లలకు చూపించడానికి మీ ప్రాంతంలో ఉన్నది వాటికి తీసిపోదు. హిందూపురం దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి లేపాక్షి మీదుగా చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి సైకిళ్ల మీద ఒక పూట ప్రయాణం పెట్టుకోండి. ఊరి మధ్యనున్న చెట్ల మీద వందలాది కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతుంటాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊరివారి నమ్మకం. ఎవరూ వాటి జోలికి పోరు. ఏ ప్రకటనా, కంచే లేకుండా ఊరే కాపాడుకుంటున్న పక్షులు అవి.

ఒక్క సవరణ. పత్రికల్లో సైతం తరచుగా రాస్తున్నా, అవి సైబీరియా నుంచి రావు. పసుపు పచ్చని ముక్కు, తోక వైపు రెక్కల ఈకల మీద గులాబీ రంగు ఉన్న ఆ కొంగలు మన ఉపఖండంలోనే ఉంటూ, నీళ్లను బట్టి ఒకచోటి నుంచి మరొకచోటికి మారుతుంటాయి. చలికాలం చివర వచ్చి, పిల్లలు ఎగరగలిగాక వానాకాలంలో వెళ్లిపోతాయి. పిల్లలకు ఈ సంగతి చెబితే, దూరదేశం నుంచి వచ్చినందుకు కాక, మన చెరువులనే నమ్ముకున్నందుకు వాటిని ప్రేమిస్తారు. గూళ్ల కింద నిలబడి చప్పట్లు కొట్టి ఎగరేయడం మాత్రం జరగకుండా చూడండి. తల్లి లేచిపోతే చిన్న పిల్లలు ఎండకు మాడిపోతాయి.

ప్రశ్న: మా ఊరి దగ్గర జాతీయ పార్కు ఉందంటే స్నేహితులు నమ్మడం లేదు. నిజమేనా? లోపల సైకిలు తొక్కనిచ్చే జాతీయ పార్కు దేశంలో ఎక్కడైనా ఉందా? కలివికోడిని చూడాలంటే సైకిలు మీద లంకమల వెళ్లవచ్చా?
— ఒక డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

సమాధానం: నిజమే. పెన్న ఒడ్డున రామేశ్వరం దగ్గర 2005లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ జాతీయ పార్కు విస్తీర్ణం 2.4 చదరపు కిలోమీటర్లు. ఒక పొద్దున వెళ్లి చూసి రండి.

లోపల సైకిలు తొక్కనిచ్చేవాటిలో పేరున్నది రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ ఘనా. దాదాపు 29 చదరపు కిలోమీటర్ల ఆ చిత్తడినేల 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. రిక్షా తొక్కేవారే పక్షులను చూపించే మార్గదర్శకులు. నేల చదునుగా ఉండడం వల్లా, నల్లమలలా పులుల కాపురం కాకపోవడం వల్లా అది సాధ్యమైంది. అయితే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లాలి. మే నెలలో అక్కడ మన సీమను మించిన ఎండ, నీళ్లు తగ్గిన మడుగులు.

కలివికోడి సంగతి వేరు. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పక్షిశాస్త్రజ్ఞుల వల్ల కానిది, స్థానికుడైన వేటగాడు ఐతన్న చేతి దీపం వల్ల అయింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. కలివి పొదల మధ్య, ఖాళీ నేల మీద రాత్రిళ్లు తిరిగే పక్షి అది. పగలు సైకిలు మీద వెళ్లినవారికి కనబడదు, రాత్రి వెళ్లడానికి అనుమతి ఉండదు. మీరు చేయగలిగినది, కడప నుంచి సిద్ధవటం దాకా తొక్కి, పెన్న ఒడ్డున కోట గోడ నీడలో కూర్చుని ఎదురుగా ఉన్న ఆ కొండలను చూడడం. ఆ చిట్టడవిని పనికిరాని కంప అనుకుని కొట్టేయడం వల్లే పక్షి చోటు తగ్గిపోయింది. కొండ మొదట్లో పొదల మధ్య సైకిలు తోయడం కూడా వద్దు. పల్లేరు కాయలు టైరును వదలవన్నది చిన్న కారణం, మీ కాలికింద ఏ గూడు ఉందో మీకు తెలియకపోవడం పెద్ద కారణం. రోడ్డు మీదే ఉన్నా రెండు ట్యూబులు, పంచరు సామాను, గాలి పంపు దగ్గర పెట్టుకోండి. పంచరు అతికాక టైరు లోపలి వైపు గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. విరిగిన ముల్లు అందులోనే ఉంటే పది నిమిషాల్లో గాలి మళ్లీ పోతుంది.